తడి రోడ్డుపై స్పోర్ట్స్ కారు వెనుక చక్రాలు పట్టు తప్పకుండా నడపడం ఎలా?

నెల్లూరు జిల్లాకు, ప్రకాశం జిల్లా తీర ప్రాంతానికి జోరువానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలతో వస్తాయి. ఇంజను శక్తి అంతా వెనుక చక్రాలకే చేరే కారును, అది ఫోర్డ్ మస్టాంగ్ అయినా, బీఎండబ్ల్యూ ఎం2 అయినా, పోర్షే 911 కారెరా అయినా, ఈ నెలల్లో ఈ దారులపై నడిపేవారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను. కారు జారాక స్టీరింగ్ ఎటు తిప్పాలని అడిగేవారే ఎక్కువ. జారడానికి ఒకటి రెండు క్షణాల ముందు కుడి పాదం ఏం చేసిందో గమనించుకునేవారికి ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం చాలా అరుదుగా వస్తుందని నా అభిప్రాయం.

మంచి తారురోడ్డు పొడిగా ఉన్నప్పుడు టైరుకు, రోడ్డుకు మధ్య ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంత ఉందో చెప్పే అంకె, సుమారు 0.8 ఉంటుంది. తడిసినప్పుడు అది 0.5 ప్రాంతానికి, నూనె, బురద కలిసిన చోట ఇంకా కిందికి పడిపోతుంది. మలుపు తిరగడానికీ, వేగం పెంచడానికీ, వేగం తగ్గించడానికీ టైరు ఈ పట్టునే వాడుకోవాలి. ఒకే సంచిలోని సొమ్మును మూడు ఖర్చులకు సర్దుకోవడం లాంటిదే ఇది. అందువల్ల మలుపులో పట్టు మొత్తం తిరగడానికే ఖర్చవుతున్న సమయంలో యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కితే వెనుక చక్రాలు గిర్రున తిరిగి పక్కకు జారిపోతాయి. ఇది చాలామందికి తెలిసిన కారణం. అంతగా తెలియనిది దీనికి వ్యతిరేకమైనది: మలుపు మధ్యలో భయపడి పాదాన్ని ఒక్కసారిగా ఎత్తేస్తే కారు బరువు ముందు చక్రాలపైకి మళ్లి, వెనుక చక్రాలు తేలికై, ఇంజను వేగాన్ని వెనక్కి లాగిపట్టే బలం (ఇంజను బ్రేకింగ్) కూడా వాటిపైనే పడి, వెనుక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. ఇంజను వెనుకనే ఉండే 911 లాంటి కార్లలో వెనుక బరువు ఎక్కువ కనుక ఈ ఊపు ఒకసారి మొదలైతే ఆపడం మరీ కష్టం. తడి రోడ్డుపై గేరును హఠాత్తుగా దింపి క్లచ్ వదిలినా ఫలితం ఇదే.

కారు బయటికి తీసే ముందు టైర్లు చూడాలి. మన చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ తడి రోడ్డుపై స్పోర్ట్స్ కారుకు ఆ లోతు ఏ మూలకూ సరిపోదు. 3 మిల్లీమీటర్లకు రాగానే వెనుక జత మార్చడం మంచిది. కారణం టైరు వెడల్పులోనే ఉంది. ఉదాహరణకు పోర్షే 911లో 2019లో వచ్చిన, 992 అని పిలిచే తరం కారెరా ఎస్‌కు ముందు టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, వెనుక టైరు వెడల్పు 305 మిల్లీమీటర్లు. టైరు ఎంత వెడల్పైతే అంత ఎక్కువ నీటిని అంతే సమయంలో పక్కకు నెట్టాలి కనుక, గాళ్లు అరిగినప్పుడు నీటిపై ముందుగా తేలేది వెనుక చక్రాలే. పైగా ఇంజను శక్తి వాటికే చేరడం వల్ల అవి ముందు టైర్ల కంటే త్వరగా అరుగుతాయి. ట్రాక్ కోసం తయారైన, గాళ్లు దాదాపు లేని సెమీ స్లిక్ టైర్లతో ఈ మూడు నెలలు రోడ్డెక్కకపోవడమే మేలు. చలి దేశాల పత్రికల్లో కనిపించే శీతాకాలపు టైర్ల చర్చ మన తీరానికి వర్తించదు. ఇక్కడ నవంబరులోనూ రబ్బరు గట్టిపడేంత చలి ఉండదు, మనకు కావలసింది లోతైన గాళ్లు మాత్రమే. టైరు పక్కగోడపై ఉండే నాలుగంకెల ముద్రను కూడా చదవండి. 2322 అని ఉంటే అది 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఎక్కువ కాలం షెడ్డులోనే ఉండే కార్లలో గాళ్లు నిండుగా కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది.

వానాకాలంలో పట్టు పెరుగుతుందని టైర్లలో గాలి తగ్గించే అలవాటు కొందరికి ఉంది. అది పూర్తిగా తప్పు. విమానాల టైర్లపై నాసా 1960లలో చేసిన పరిశోధన నుంచి వచ్చిన ఒక లెక్క ప్రకారం, నీరు నిలిచిన చోట టైరు తేలడం మొదలయ్యే వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. పీడనం 32 పీఎస్ఐ ఉంటే ఆ వేగం గంటకు సుమారు 94 కిలోమీటర్లు, 25కు తగ్గితే సుమారు 83 కిలోమీటర్లు. గాళ్ల లోతును, టైరు వెడల్పును, నీటి మందాన్ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ, గాలి తగ్గితే ప్రమాదపు వేగం కూడా తగ్గుతుందన్న విషయం మారదు. నాలుగు వరుసల జాతీయ రహదారిపై కార్లకు 2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. అంటే చట్టం అనుమతించిన వేగంలోనే, నీరు నిలిచిన రోడ్డుపై, కారు తేలిపోవచ్చు.

ఇక దారుల విషయం. కొన్నాళ్లు ఎండ కాసిన తర్వాత పడే తొలి జల్లు జడివాన కంటే ప్రమాదకరం. రోడ్డుపై పేరుకున్న నూనె, రబ్బరు పొడి, దుమ్ము నీటితో కలిసి జారుడు పొరగా మారుతాయి, గట్టి వాన వాటిని కడిగేసే వరకు ఆ పొర పోదు. గ్రానైటు లారీలు తిరిగే చీమకుర్తి - ఒంగోలు దారిలో దీనికి రాతిపొడి తోడవుతుందని గుర్తుంచుకోండి. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు నాట్ల కాలంలో దమ్ము చేసిన ట్రాక్టర్లు పొలం నుంచి రోడ్డెక్కే ప్రతి చోటా బురద చారలు ఉంటాయి. ముందు రోడ్డు రంగు మారిందంటే అక్కడికి చేరకముందే, కారు నేరుగా ఉన్నప్పుడే వేగం తగ్గించాలి. బరువు లారీలు నిత్యం తిరిగే కృష్ణపట్నం ఓడరేవు దారి లాంటి చోట్ల చక్రాల జాడల్లో రోడ్డు కుంగి నీరు నిలవవచ్చు కనుక ఆ జాడలకు కాస్త పక్కగా నడపడం మేలు. వంతెనలపై ఉక్కు అతుకులు, రోడ్డుపై వేసిన తెల్లరంగు పట్టీలు తడిస్తే నున్నగా ఉంటాయి. వాటిపై ఉండగా యాక్సిలరేటర్ పెంచకండి. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే నల్లమల ఘాట్‌లో మలుపుల్లో రాలిన ఆకులు, కొండ మీది నుంచి కొట్టుకొచ్చిన మట్టి ఉంటాయి. దిగేటప్పుడు బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రాలు ఎలాగూ తేలికగా ఉంటాయి కాబట్టి గేరు దింపే పని మలుపుకు ముందే ముగించాలి. వాగు పొంగి పారుతున్న చప్టాల దగ్గర నేర్పు ప్రసక్తే లేదు, వెనక్కి తిరగాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర జాతీయ రహదారే కోతకు గురైంది.

నడిపే పద్ధతిలో ముఖ్యమైనది మార్పులను నెమ్మదిగా చేయడం. స్పోర్ట్ మోడ్ వదిలి సాధారణ మోడ్‌లో గానీ, ఉంటే తడి రోడ్డు కోసం ఇచ్చిన వెట్ మోడ్‌లో గానీ కారును పెట్టాలి. 992 తరం 911లో ముందు చక్రాల గూళ్లలోని ధ్వని సెన్సర్లు నీటి చిమ్ములను పసిగట్టి, వెట్ మోడ్ పెట్టమని సూచిస్తాయి. పొడి రోడ్డుపై వాడే దానికంటే ఒక గేరు పైన నడపండి. టర్బో ఇంజన్లలో టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఒక్కసారిగా పుట్టుకొస్తుంది కనుక ఈ జాగ్రత్త మరింత అవసరం. వేగాన్ని దానంతటదే ఒకే తీరున నిలిపే క్రూయిజ్ కంట్రోల్ వాడకండి. బ్రేకు పని మలుపుకు ముందే, నేరుగా ఉన్నప్పుడే పూర్తి చేసి, మలుపంతా యాక్సిలరేటర్‌ను ఒకే తీరున పట్టి ఉంచి, స్టీరింగ్ నేరుగా అవుతున్న కొద్దీ మాత్రమే పాదం నొక్కాలి. కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ను (ఈఎస్‌సీని) ఆపవద్దు. వెనుక భాగం జారుతుంటే అది బయటివైపు ముందు చక్రానికి విడిగా బ్రేకు వేసి కారును సరిచేస్తుంది. అయితే లేని పట్టును అది పుట్టించలేదు. డాష్‌బోర్డు మీటర్ల మధ్య దాని దీపం మినుకుమినుకుమంటే అప్పటికే హద్దు దాటుతున్నారని అర్థం.

అయినా జారిందనుకుందాం. చూపును కాలువ మీద గానీ ఎదురు లారీ మీద గానీ నిలపకుండా, మీరు వెళ్లాల్సిన ఖాళీ దారి మీద నిలపాలి, ఎందుకంటే చేతులు చూపును అనుసరిస్తాయి. వెనుక భాగం ఎడమకు జారితే స్టీరింగ్‌ను ఎడమకు, కుడికి జారితే కుడికి, జారినంత మేరకే, వెంటనే తిప్పాలి. యాక్సిలరేటర్ ఎక్కువై జారితే పాదాన్ని కొద్దిగా సడలించాలి గానీ పూర్తిగా ఎత్తకూడదు. పాదం ఎత్తడం వల్లనే జారి ఉంటే వెనుక చక్రాలపైకి బరువు తిరిగొచ్చేలా దాన్ని తేలికగా మళ్లీ ఆనించాలి. బ్రేకు, హ్యాండ్ బ్రేకు ముట్టుకోకూడదు. చాలామంది దెబ్బతినేది ఈ దశలో కాదు, దీని తర్వాత: వెనుక చక్రాలు పట్టు దొరకబుచ్చుకున్న క్షణంలో స్టీరింగ్ ఇంకా ఒక పక్కకే తిరిగి ఉంటే, కారు మొదటి దానికంటే వేగంగా రెండో పక్కకు విసురుకుంటుంది. కాబట్టి వెనుక భాగం కదలిక ఆగుతోందనిపించగానే, కారు పూర్తిగా నేరుగా కాకముందే, స్టీరింగ్‌ను వెనక్కి తిప్పడం మొదలుపెట్టాలి. ఇక అందదనిపించేంతగా కారు తిరిగిపోతే క్లచ్, బ్రేకు రెండూ పూర్తిగా తొక్కి ఉంచండి. అప్పుడు కారు ఎటు పోతుందో వెనుక వచ్చేవారికీ కాస్త అంచనా దొరుకుతుంది.

నీటిపై తేలినప్పుడు చేయాల్సింది వేరు. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయి, ఇంజను చప్పుడు పెరిగి, వేగం పెరగకపోతే టైర్లు రోడ్డును వదిలాయని తెలుసుకోవాలి. స్టీరింగ్ నేరుగా పట్టుకుని, పాదాన్ని నిదానంగా సడలిస్తూ, టైర్లు మళ్లీ రోడ్డును తాకే వరకు వేచి ఉండడమే. ఆ సమయంలో స్టీరింగ్ తిప్పి ఉంచితే, పట్టు తిరిగి దొరికిన క్షణంలో కారు అటే దూకుతుంది.

వీటిని రోడ్డుపై సాధన చేయకూడదు. నెల్లూరు నుంచి మూడు, నాలుగు గంటల ప్రయాణంలో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. అక్కడ శిక్షకుల పర్యవేక్షణలో నేర్చుకోవచ్చు.

కారు గిర్రున తిరిగి రహదారి మధ్యలో ఆగిపోతే ముందు హజార్డ్ దీపాలు వేయండి. కదిలే స్థితిలో ఉంటే వెంటనే అంచుకు చేర్చండి, లేకపోతే లోపల కూర్చోకుండా అందరూ క్రాష్ బ్యారియర్ అవతలికి వెళ్లి జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు, గాయాలుంటే 108కి ఫోన్ చేయండి. తిరిగి బయలుదేరే ముందు నాలుగు రిమ్ములూ, టైర్ల లోపలి పక్కగోడలూ చేత్తో తడిమి చూడాలి. డివైడరు అంచుకు తగిలిన టైరు బయటికి బాగానే కనిపిస్తూ లోపలి వైపు ఉబ్బి ఉండవచ్చు.