జర్మన్ సైనికుడి ఉత్తరాన్ని చరిత్రకారుడిలా చదవడం ఎలా

యుద్ధకాలపు జర్మన్ సమాజం మీద, అక్కడి జాతీయవాదం మీద పనిచేయాలనుకునేవాళ్లకు ముందుగా ఎదురయ్యేది ఫెల్డ్‌పోస్ట్, అంటే సైనికుల తపాలా. రెండో ప్రపంచ యుద్ధంలో అటూ ఇటూ నడిచిన తపాలా మూడు నాలుగు వేల కోట్లు ఉంటుందని అంచనా. అంత ఉంది కదా అని నేరుగా దిగితే పప్పులో కాలేసినట్టే. ఉత్తరంలో ఏముందో చూసే ముందు, అందులో ఏది రాయడానికి వీల్లేకపోయిందో తెలిసి ఉండాలి.

జర్మన్ బాగా వచ్చినా మొదటి ఉత్తరం దగ్గరే ఆగిపోతారు, కారణం లిపి. 1941 దాకా అక్కడి బడుల్లో పిల్లలకు ముందు నేర్పింది కుర్రెంట్ అనే పాత చేతిరాత లిపి, లేదా దాన్ని సులువు చేసిన జ్యూటర్లిన్. 1943లో రష్యా నుంచి రాసిన ఇరవై ఏళ్ల కుర్రాడి చేతిరాత కూడా అదే కావచ్చు. ఇందులో రోమన్ అక్షరం ‘ఈ’ (e) అచ్చం ‘ఎన్’ (n)లా కనిపిస్తుంది. ‘యూ’ (u)ని ‘ఎన్’ నుంచి విడదీసేది నెత్తిన ఉండే చిన్న వంపు గీత ఒక్కటే. ‘ఎన్’ మీద గానీ ‘ఎమ్’ మీద గానీ అడ్డగీత ఉంటే ఆ అక్షరాన్ని రెండుసార్లు చదవాలి.

మొదటి రోజే ఉత్తరమంతా చదివేయాలని చూడకండి. తేదీ, నెల పేరు, మొదట్లో ‘లీబె’ (ప్రియమైన), చివర్లో ‘డైన్’ (నీ), ‘హెర్ట్‌స్‌లిషె గ్రూసె’ (మనసారా శుభాకాంక్షలు) లాంటి పలకరింపులు దాదాపు ప్రతి ఉత్తరంలో ఉంటాయి. వాటిలోంచి అక్షరాలు ఏరి, ఆ మనిషి చేతిరాతకు ఒక అక్షరమాల రాసి పక్కన పెట్టుకోండి. ఆ తర్వాత పంక్తికి పంక్తి ఎత్తి రాయండి. అనుమానం ఉన్న మాటను చదరపు బ్రాకెట్లో ప్రశ్నార్థకంతో ఉంచండి. అతని అక్షరదోషాలు దిద్దకండి, ఎంత చదువుకున్నాడో చెప్పేవి అవే. ట్రాన్స్‌క్రిబస్ లాంటి, చేతిరాతను చదివే సాఫ్ట్‌వేర్ సాయపడుతుంది. కాకపోతే ఊళ్ల పేర్లు, మనుషుల పేర్ల దగ్గర అది తేలిగ్గా తప్పుతుంది కనుక మూలంతో సరిచూడటం తప్పదు.

ఉత్తరం పైమూల ‘ఓ.యు.’ అని చాలాచోట్ల కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని ఊరి పేరనుకుని పటంలో వెతుకుతారు. అది ‘ఓర్ట్స్‌ఉంటర్‌కున్ఫ్ట్’, అంటే బస. ఎక్కడున్నదీ రాయకూడదు కనుక అలా రాసేవారు. దళం పేరు కూడా ఉండదు, దాని బదులు అయిదంకెల ఫెల్డ్‌పోస్ట్ నంబరు ఉంటుంది. ఒకే నంబరు వేర్వేరు కాలాల్లో వేర్వేరు దళాలకు వెళ్లిన సందర్భాలున్నాయి. అందుకే తేదీ లేకుండా నంబరు ఒక్కదాన్ని నమ్మి దళాన్ని తేల్చకండి.

ప్రతి ఉత్తరానికీ ఒక పట్టిక వరుస పెట్టుకోండి: తేదీ, నంబరు, రాసినవాడి పుట్టిన సంవత్సరం, యుద్ధానికి ముందు చేసిన పని, మతశాఖ, సొంతూరు, హోదా, ఎవరికి రాశాడు. చివరిది చాలా ముఖ్యం. తల్లికి దాచినది స్నేహితుడికి చెప్పి ఉండవచ్చు.

ఇక సెన్సారు. తనిఖీ కేంద్రాలు అన్ని ఉత్తరాలూ తెరవలేదు, కొన్నిటినే తీసి చూసేవి. కానీ ఏది తెరుస్తారో రాసేవాడికి తెలియదు. యుద్ధ స్థైర్యాన్ని దెబ్బతీశాడన్న నేరానికి మరణశిక్ష దాకా ఉండేది. కాబట్టి ఉత్తరంలో ఫిర్యాదు లేదంటే అతను తృప్తిగా ఉన్నాడని రాసేయకూడదు.

జాతీయవాదం కోసం ‘ఫాటర్‌లాండ్’ (పితృభూమి) అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం అందరూ చేసే పొరపాటు. చిన్న మాటలు చూడండి. ‘డెర్ రుస్సె’ అని ఏకవచనంలో రాస్తాడు, ఒక జనమంతా ఒకే మనిషి అయిపోతారు. ఎదురుగా ‘వియర్’, మేము. పల్లెల్లో మురికి గురించి, ఇళ్ల గురించి మామూలుగా రాసిన వాక్యాల్లోనే తాము మేలైన జాతి అన్న నమ్మకం బయటపడుతుంది.

ఒక్క రకం ఆధారంతో ఆగవద్దు. యుద్ధరంగం నుంచి ఇంటికి వచ్చిన ఉత్తరాలు బీరువాల్లో నిలిచాయి. భార్యలు రాసినవి ఎక్కువభాగం యుద్ధరంగంలోనే పోయాయి, కాబట్టి ఆడవాళ్ల గొంతు సగానికి సగం లేనట్టే. ఆ లోటుకు ఎమ్మెన్డింగెన్‌లోని డైరీల ఆర్కైవ్ కొంత పనికొస్తుంది. ప్రజల మనోస్థితి మీద నాజీల ఎస్.డి. గూఢచారి విభాగం రాసిన నివేదికలు ఫెడరల్ ఆర్కైవ్‌లో ఆర్ 58 వరుసలో ఉన్నాయి. 1943 ఫిబ్రవరి, స్టాలిన్‌గ్రాడ్ ఓటమి నెల తీసుకుని ఉత్తరాలనూ నివేదికలనూ పక్కపక్కన చదవండి. నివేదిక రాసినవాళ్లు కూడా పైవాళ్ల కోసమే రాశారన్నది మాత్రం మరవద్దు.

సైనిక కాగితాలు ఫ్రైబుర్గ్‌లోని మిలిటరీ ఆర్కైవ్‌లో ఉంటాయి. వెళ్లేముందు ఇన్వెనియో అనే ఆన్‌లైన్ సూచికలో ఫైలు నంబర్లు వెతికి రాసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం మీద పనిచేసేవాళ్లకు ఇక్కడ పెద్ద గండి ఉంది. ప్రష్యన్ సైన్యపు ఆర్కైవ్ 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద జరిగిన బాంబుదాడిలో కాలిపోయింది. అందుకే వాళ్లు వేరే జర్మన్ రాజ్యాల సైన్యాల కాగితాలున్న మ్యూనిక్, స్టుట్‌గార్ట్ దారి పడతారు.

ఉద్యోగం సంగతి సూటిగా చెప్పాలి. జర్మనీలో డాక్టరేట్ తర్వాత ప్రొఫెసర్ పదవికి హబిలిటాట్సియోన్ (డాక్టరేట్ పైన చేసే రెండో పెద్ద పరిశోధన అర్హత) లేదా దానికి సమానమైన రెండో పెద్ద పుస్తకం కావాలి. విశ్వవిద్యాలయాల్లో తాత్కాలిక ఒప్పందాలకు మామూలు హద్దు డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు. పోట్స్‌డామ్‌లో సైన్యం నడిపే సైనిక చరిత్ర కేంద్రం మరో దారి. రెండో ప్రపంచ యుద్ధం మీద 1979 నుంచి 2008 దాకా వచ్చిన పది సంపుటాల గ్రంథం అక్కడిదే. అందులో తొమ్మిదోది పూర్తిగా యుద్ధకాలపు జర్మన్ సమాజం గురించే. సంపాదకుడు యోర్గ్ ఎష్టర్న్‌కాంప్ అంతకుముందు జర్మన్ జాతీయవాదం ఎదిగిన తీరుపై డాక్టరేట్ చేశారు. మొదటి అంశాన్ని రెండో పుస్తకానికి పనికొచ్చేలా ఎంచుకోవాలంటే ఇదే మంచి నమూనా.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు చేతిలోనే ఒక అంశం ఉంది. బెర్లిన్‌లో సుభాష్ చంద్రబోస్ వెంట పనిచేసి, 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి యు-180 జలాంతర్గామిలో ఆయనతో బయల్దేరిన ఆబిద్ హసన్ హైదరాబాదీ. బోస్ పెట్టిన భారతీయ దళం గురించి జర్మన్ అధికారులు రాసింది ఒకవైపు, ఆ సైనికులు హిందుస్తానీలో చెప్పుకున్నది ఇంకోవైపు. ఉర్దూ, జర్మన్ రెండూ చదవగలిగితే ఆ రెండు వైపులనూ ఎదురెదురుగా పెట్టి చూడవచ్చు.