బస్తా కదలదంటున్న లెక్క: బలాలు, సర్క్యూట్లలో తప్పెక్కడ?

అమలాపురం దగ్గర ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. వాళ్లకు సూత్రాలన్నీ నోటికి వచ్చు. తప్పు అంతకు ముందే, బొమ్మ దగ్గర జరిగిపోతుంది.

సమస్య: బస్తా కదలదని జవాబొస్తోంది

రేవు గట్టు మీద 50 కిలోల కొబ్బరికాయల బస్తా. నేలకు 30 డిగ్రీల ఏటవాలుగా తాడు కట్టి 200 న్యూటన్ల బలంతో లాగుతున్నాం. ఘర్షణ గుణకం 0.4, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. పిల్లలు అభిలంబ బలం (నేల బస్తాను పైకి నెట్టే బలం) 500 అని వేస్తారు. దాన్ని 0.4తో గుణిస్తే ఘర్షణ 200 వస్తుంది, తాడు ముందుకు లాగే భాగం (200 × cos 30°) 173. ఇంకెక్కడ కదులుతుంది?

కారణం: అభిలంబ బలమంటే బరువేనని బట్టీ పట్టడం. ఏటవాలు తాడు బస్తాను కాస్త పైకి కూడా ఎత్తుతోంది కదా, నేల మీద భారం ఆ మేరకు తగ్గుతుంది.

పరిష్కారం: బస్తాను ఒక్కదాన్నే గీయండి. దాన్ని తాకుతున్నవి రెండే, తాడూ నేలా. తాడుది ఒక బాణం. నేలవి రెండు, ఒకటి నిలువుగా, ఒకటి ఘర్షణ. భూమి ఆకర్షణ నాలుగోది. తాడు పైకి ఎత్తే భాగం 200లో సగం, అంటే 100. కాబట్టి అభిలంబ బలం 400, ఘర్షణ 160. 173లో 160 పోగా 13 న్యూటన్లు మిగిలాయి. బస్తా 0.26 మీ/సె² త్వరణంతో కదిలింది! తాడు భుజాన వేసుకుని లాగేవాళ్లకు ఈ సంగతి ఒంటికే తెలుసు.

సమస్య: 6, 3 ఓమ్‌లు సమాంతరంగా కలిపితే 9 వస్తోంది, లేదా 0.5

9 వస్తే రెండూ కూడేసే శ్రేణి సూత్రం వాడారు. 0.5 వస్తే 1/6, 1/3 కూడి చివర్లో తలకిందులు చేయడం మరిచారు. సరైనది 2. కాలువకు రెండో తూము తెరిస్తే నీళ్లు ఇంకా తేలిగ్గా పోతాయి, అందుకే జవాబు చిన్న నిరోధం కంటే తక్కువే ఉండాలి. రెండూ 3 ఓమ్‌లే అయితే 1.5 వచ్చేది, ఇక్కడ ఒకటి పెద్దది గనుక 1.5 దాటాలి. ఈ రెండు హద్దులతో రెండు తప్పులూ దొరుకుతాయి.

సమస్య: జవాబు వెయ్యి రెట్లు తేడా

మిల్లీ ఆంపియర్లను ఆంపియర్లుగా మార్చలేదు. చూసుకోండి.

సమస్య: మెలికలు తిరిగిన సర్క్యూట్ అర్థం కావడం లేదు

ఇక్కడ తొందరపడొద్దు. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి వైరు మీద పెన్సిల్ నడిపించండి. నిరోధం అడ్డొచ్చేదాకా అంతా ‘అ’, దాటాక ‘ఆ’. రెండు కొనలకూ ఒకే అక్షరం పడ్డ నిరోధంలో కరెంటు పారదు, దాన్ని కొట్టేసి బొమ్మ మళ్లీ గీయండి.