మేకు వెనక్కి రాకుండా కాయిల్‌గన్‌ను దారికి తెచ్చిన విధం

అనంతపురంలో బోరు మోటర్లకు వైండింగ్ కట్టే షాపులకు మాత్రం కరువు లేదు. తీగచుట్ట (కాయిల్)లోకి కరెంటు పంపి, ఆ అయస్కాంతంతో ఇనుప ముక్కను విసిరే కాయిల్‌గన్ కోసం తీగ అక్కడే తెచ్చా. 63 వోల్టుల రకం, 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని (కరెంటును దాచుకుని ఒక్కసారిగా వదిలేది) 50 వోల్టుల దాకా నింపితే దాదాపు 6 జౌళ్ల శక్తి. ఎస్‌సీఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్, గొట్టంగా బాల్‌పెన్ను డొల్ల, తూటాగా మేకు ముక్క.

బటన్ నొక్కితే మేకు ఊగి, కాయిల్ మధ్యలోనే ఆగిపోయేది. మేకు మధ్యకు చేరేసరికి కరెంటు చచ్చిపోవాలి. లేదంటే దాటిపోతున్నదాన్ని అదే అయస్కాంతం వెనక్కి లాగుతుంది. ఎస్‌సీఆర్‌తో వచ్చిన చిక్కేమంటే, ఒకసారి ఆన్ అయితే కరెంటు పూర్తిగా పడిపోయేదాకా ఆఫ్ కాదు.

వైండింగ్ షాపాయన కాయిల్ చూసి, "ఇన్ని చుట్లెందుకప్పా, సగం పీకెయ్" అన్నాడు. లెక్క కూడా అదే చెప్తుంది: చుట్లు సగమైతే ఇండక్టెన్స్ (కరెంటు మార్పును కాయిల్ అడ్డుకునే గుణం) నాలుగో వంతు, కరెంటు పోటు నిడివి దాదాపు సగం. కరెంటు మాత్రం ఎక్కువ ఎగుస్తుంది, ఎస్‌సీఆర్ దాన్ని తట్టుకునేదై ఉండాలి.

చుట్లు విప్పాక మేకు మొదట ఎక్కడుండాలో వెతికా. పెన్ను డొల్ల మీద స్కెచ్‌పెన్నుతో గీతలు పెట్టి, మిల్లీమీటరు చొప్పున జరుపుతూ చూశా. మొన కాయిల్ అంచులోకి కాస్త దూరినప్పుడే బాగా ఎగిరింది. పాత బట్టలు కుక్కిన అట్టపెట్టెలో టప్పుమని దిగింది. పెద్ద కెపాసిటర్ కొనడం కంటే ఈ జరపడమే నయం, ఖర్చూ లేదు.

కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) తప్పనిసరి, లేకుంటే కెపాసిటర్‌కి తిరగబడ్డ వోల్టేజీ తగులుతుంది. ముట్టుకునే ముందు కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ పెట్టి అర నిమిషం ఆగి, మీటర్‌తో చూడండి.