గల్ఫ్ ఆఫ్ ఏడెన్ వైపు షిప్ ఎక్కే ముందు: కేసు నిలబడాలంటే

నైరుతి రుతుపవనాలు బలంగా ఉన్నన్నాళ్ళు సోమాలియా పైరేట్ల (సముద్రపు దొంగల) చిన్న పడవలు ఆ అలలకు ఆగవు. సెప్టెంబరు దాటి సముద్రం సద్దుమణిగాక మళ్ళీ బయల్దేరతారు. ఆ నెలల్లో అటు వెళ్ళే షిప్ ఎక్కబోతున్న శ్రీకాకుళం, విశాఖ కుర్రాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు. ముళ్ళకంచె, ఫైర్ హోసులు, అదనపు కాపలా డ్యూటీల గురించి షిప్‌లో ఎలాగూ డ్రిల్ చేయిస్తారు. నేను చెప్పేది దొంగ దొరికాక కేసు సంగతి.

ఏజెంటు కాగితాలు ఇచ్చినప్పుడు జీతం ఒక్కటే చూసుకోకండి, షిప్ జెండా ఏ దేశానిదో, అంటే షిప్ ఏ దేశంలో రిజిస్టరైందో కూడా చూడండి. ఓనరు గ్రీసులో ఉంటాడు, జెండా పనామాది, మీరేమో సోంపేట. తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపు దాడి జరిగితే ఆ దేశం పోలీసులే చూసుకోవాలి. ఆ దేశపు జలాలు దాటాక జరిగితే అది పైరసీ. ఏ దేశం నేవీ అయినా పట్టుకుని తన కోర్టులో నిలబెట్టొచ్చు. నిలబెట్టి తీరాలని మాత్రం లేదు. ఆయుధాలు లాక్కుని దొంగల్ని వదిలేసిన నేవీలు బోలెడు.

దాడి మొదలైతే అందరూ సిటడెల్‌లోకి, అంటే లోపలి నుంచి తాళం పడే గదిలోకి వెళ్ళాలి. ఒక్కడు బయట మిగిలినా కమాండోలు దిగడానికి వెనకాడతారు. 2024 జనవరిలో లీలా నార్ఫోక్ అనే షిప్ మీద 21 మంది, అందులో 15 మంది మనవాళ్ళు, ఇలాగే దాక్కుని బయటపడ్డారు. మన నేవీ కమాండోలు మార్కోస్ షిప్ అంతా వెతికేసరికి పైరేట్లు జారుకున్నారు. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు.

బయటికి రాగానే బ్రిడ్జిలో, అంటే షిప్ నడిపే గదిలో, వీడీఆర్ (షిప్ బ్లాక్ బాక్స్) రికార్డింగ్ సేవ్ చేశారా అని అడగండి. పాత వాటిలో 12 గంటలు దాటితే పాతది చెరిగిపోతుంది. డెక్ మీద తూటా గుల్లలు, వదిలేసిన నిచ్చెన, ఫోను ఏది కనిపించినా ముట్టుకోకండి, ఫొటో తీయండి. గుర్తుగా జేబులో వేసుకునే సరదా అస్సలు వద్దు. ఎంతమంది, ఎవరి చేతిలో ఏ తుపాకీ, ఏ టైముకి అన్నది ఎవరికి వారు విడిగా, అదే రోజు రాసుకోండి.

1999లో పైరేట్లు ఎత్తుకుపోయి, పేరు మార్చి మెగా రామా అని రాసుకున్నా అలొండ్రా రెయిన్‌బో అనే షిప్‌ని మనవాళ్ళు పట్టేశారు. 2003లో ముంబై కోర్టు ఆ దొంగలకు శిక్ష వేసింది, 2005లో హైకోర్టు వదిలేసింది. పైరసీకంటూ మనకప్పుడు చట్టమే లేదు. 2022లో పార్లమెంటు ఆమోదించింది. దాని ప్రకారం విదేశీ షిప్ మీద జరిగిన నేరాన్ని మన కోర్టు చేపట్టాలంటే జెండా దేశమో, ఓనరో, షిప్‌లో ఉన్న ఇంకెవరైనా సరే జోక్యం చేసుకోమని కోరాలి. ఆ ‘ఇంకెవరైనా’లో మీరూ ఉన్నారు. మన నేవీ కాపాడితే ఆ కోరికని కెప్టెన్ ద్వారా రాతపూర్వకంగా ఇవ్వండి. 2024 మార్చిలో రూయెన్ అనే షిప్ నుంచి 35 మంది పైరేట్లని మన నేవీ పట్టి ముంబై పోలీసులకు అప్పగించారు. అది మాల్టా జెండా షిప్, సిబ్బందిలో భారతీయులే లేరు.

ఇంట్లోవాళ్ళకూ ఒక మాట. 2010లో చిక్కిన అస్ఫాల్ట్ వెంచర్ అనే షిప్‌ని విడిపించే డబ్బు ముట్టాక కూడా పైరేట్లు ఏడుగురు భారతీయుల్ని వదల్లేదు. మన జైళ్ళలో ఉన్న తమవాళ్ళని విడిపించాలన్నారు. ఆ ఏడుగురు 2014 అక్టోబరులో గానీ బయటపడలేదు. అందుకే పైరేట్ల నుంచి ఫోను వస్తే బేరం మాట్లాడకండి, టీవీ వాళ్ళకు చెప్పకండి, కంపెనీకి చెప్పండి. షిప్ పేరు, ఐఎంవో నంబరు (షిప్ గుర్తింపు నంబరు), జెండా, కంపెనీ ఎమర్జెన్సీ నంబరు ఒక కాగితం మీద రాయించుకుని రేషన్ కార్డుతో పాటు దాచుకోండి.