ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ పాఠాలు – 5: సాక్‌ల లెక్క చూసి ఎంచుకోకండి

ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్. దాని జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునేదే డ్రాఫ్ట్. పోయిన పాఠం చివర ముగ్గురు కుర్రాళ్ల వివరాలు పేర్లు చెప్పకుండా ఇచ్చాను. ముగ్గురూ కాలేజీలో డిఫెన్సివ్ ఎండ్‌లు, అంటే డిఫెన్స్ లైన్ అంచున నిలబడి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి వెళ్లేవాళ్లు. అతను బంతి విసిరేలోపు లైన్ వెనకే పడగొడితే అది సాక్. చివరి ఏడాది 'క' 14 సాక్‌లు తీశాడు, 'గ' 7 తీశాడు, 'చ' ఒకటిన్నర తీశాడు. మీ జట్టు డిఫెన్స్ బాగుపడాలంటే వీళ్లలో ఎవర్ని తీసుకుంటారు, ఎందుకు అని అడిగాను. జవాబులు పంపినవాళ్లలో ఎక్కువమంది 'క' దగ్గరే ఆగిపోయారు. సాక్‌లు ఎక్కువ కాబట్టి అన్నారు, అంతే.

'క' పేరు వెర్నాన్ గోల్‌స్టన్. ఒహాయో స్టేట్‌లో ఆడాడు. 2008 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెట్స్ అతన్ని 6వ స్థానంలో తీసుకుంది. అక్కడ మూడు సీజన్లలో 45 మ్యాచ్‌లు ఆడాడు. ఒక్క సాక్ కూడా రాలేదు.

'గ' విస్కాన్సిన్ నుంచి వచ్చిన జె.జె. వాట్. 2011లో హూస్టన్ టెక్సన్స్ 11వ స్థానంలో తీసుకుంది. 2012, 2014, 2015లలో లీగ్ మొత్తానికి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అతనే. 'చ' డనీల్ హంటర్. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్)లో ఆడాడు. 2015లో మూడో రౌండ్ దాకా ఎవరూ పిలవలేదు. 88వ స్థానంలో మిన్నెసోటా వైకింగ్స్ పిలిచింది. 2018లో 14.5, 2019లో మళ్లీ 14.5 సాక్‌లు. పాతికేళ్లు దాటిన కొన్ని వారాలకే 50 సాక్‌లు పూర్తిచేశాడు. అప్పటికి అంత చిన్న వయసులో ఆ లెక్క అందుకున్నవాడు ఇంకొకడు లేడు. హంటర్ హైస్కూల్ చదివింది హూస్టన్ పక్కన మా కేటీలోనే. రోజూ ఆ బడి మీదుగా కారులో వెళ్లే తెలుగువాళ్లు ఎంతమందో.

ఒకరిద్దరు ఒకటిన్నర సాక్ ఏమిటని అడిగారు. ఇద్దరు కలిసి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే చెరో సగం రాస్తారు. అంతే. డౌన్‌లు, స్నాప్, లైన్‌లో ఎవరెక్కడ నిలబడతారు అన్నవి మొదటి రెండు పాఠాల్లో వచ్చాయి కాబట్టి మళ్లీ వివరంగా రాయను. గుర్తుకోసం: స్నాప్ అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం, డౌన్ అంటే 10 యార్డులు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి, లైన్ అంటే ఆ ఆట మొదలయ్యే గీత.

ఈ పాఠంలో, పాస్ పట్టే రిసీవర్లను వెంటాడే కార్నర్‌బ్యాక్‌ల గురించి చెప్పాలనుకున్నాను. మీ జవాబులు చూశాక వాయిదా వేశాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. మూడో పాఠంలో అంకెల పట్టిక ముందు పెట్టి, వీడియో చూడటం గురించి చివర్లో నాలుగు ముక్కలు రాశాను. చదివినవాళ్లు ముందున్నదే ముఖ్యమనుకోవడం సహజం. ఆ వరుసను ఇప్పుడు తిరగేస్తున్నాను.

సాక్ చూడటానికి బాగుంటుంది, స్టేడియం లేచి నిలబడుతుంది, అంకె నేరుగా పట్టికలోకి ఎక్కుతుంది. కానీ ఆ అంకె ఎవరి కష్టంతో వచ్చిందో పట్టికలో ఉండదు. మూడో డౌన్, ఇంకా 9 యార్డులు కావాలి అనుకోండి. క్వార్టర్‌బ్యాక్ వెనక్కి వెళ్లి ఎడమకి చూశాడు, మనిషి ఖాళీగా లేడు. కుడికి చూశాడు, అక్కడా లేడు. నాలుగు సెకన్లు గడిచాయి. మన ఎండ్ ముందు రెండుసార్లు ఆగిపోయాడు, మూడోసారి తోసుకుని వెళ్లి పడగొట్టాడు. ఆ సాక్ సంపాదించింది వెనకాల రిసీవర్లను వదలకుండా అంటిపెట్టుకున్న నలుగురైదుగురు. పట్టికలో మాత్రం ఎండ్ పేరు పడింది.

ఇంకో రకం చూడండి. మధ్యలో ఉన్న మన డిఫెన్సివ్ ట్యాకిల్, క్వార్టర్‌బ్యాక్‌ని కాచే ఇద్దరు గార్డుల మధ్య నుంచి దూసుకొస్తాడు. క్వార్టర్‌బ్యాక్ కంగారుపడి పక్కకి పరిగెత్తుతాడు, సరిగ్గా మన ఎండ్ చేతుల్లోకి. మళ్లీ ఎండ్ పేరే. మూడో రకంలో ఎదురుగా ఉన్నది నిజమైన ట్యాకిల్ (ఎదుటి జట్టు లైన్ అంచుని కాచేవాడు) కూడా కాదు, సాయానికి నిలబెట్టిన టైట్ ఎండ్, అంటే పాస్‌లు కూడా పట్టేవాడు. అతన్ని దాటడం ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లేవాడికి పెద్ద పరీక్షేమీ కాదు.

ఇప్పుడు దీనికి తిరగేసి. స్నాప్ పడగానే మన కుర్రాడు ట్యాకిల్ చేతిని కొట్టి తప్పించి, భుజం వంచి మలుపు తిరిగాడు. రెండున్నర సెకన్లలో క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి చేరాడు. కానీ అతను రెండు సెకన్లకే బంతి వదిలేశాడు. పట్టికలో ఏమీ లేదు. నన్నడిగితే, ఆ రోజు ఆటలో నేను రాసుకునే స్నాప్ ఇదే.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక వైపు నుంచి బుమ్రా పరుగు ఇవ్వకుండా వేస్తుంటే, రెండో వైపు నుంచి వేసేవాడికి వికెట్ వస్తుంది. బ్యాట్స్‌మన్ తొందరపడింది ఎవరి వల్ల? వికెట్ల కాలమ్ ఒక్కటే చూసి రెండో బౌలర్ని కొనుక్కుంటే వచ్చే ఏడాది ఏమవుతుందో ఊహించండి.

ఒక పెద్దాయన సూటిగా రాశారు: "మాస్టారూ, పద్నాలుగు సాక్‌లు ఊరికే రావు కదా." రావు. గోల్‌స్టన్‌కి బలం ఉంది, వేగం ఉంది. డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లకి పెట్టే శారీరక పరీక్షల్లో, అంటే కంబైన్‌లో, 225 పౌండ్ల బరువును 37 సార్లు ఎత్తాడు. అయితే కాలేజీలో ఒక ఎండ్ సీజన్‌కి క్వార్టర్‌బ్యాక్ మీదికి వెళ్లేది కొన్ని వందల సార్లు. అందులో 14 సాక్‌లు పోగా మిగిలినవాటిలో ఏం జరిగిందన్నది నా ప్రశ్న. ఇంకో సంగతి, అతను కాలేజీలో చెయ్యి నేలకి ఆన్చి ఆడిన ఎండ్. జెట్స్ అప్పట్లో ఆడింది 3-4, అంటే ముందు లైన్‌లో ముగ్గురు, వాళ్ల వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు. అక్కడ అతన్ని నిలబెట్టి బయటి లైన్‌బ్యాకర్‌గా ఆడించారు. వచ్చిన పని ఒకటి, ఇచ్చిన పని ఒకటి.

హంటర్ది దీనికి పూర్తిగా ఎదురు కథ. చివరి ఏడాది సాక్‌లు ఒకటిన్నరే అయినా, 13 సార్లు ప్రత్యర్థిని లైన్ వెనకే పడగొట్టాడు. డ్రాఫ్ట్ నాటికి వయసు 20. పొడవు చేతులు, మంచి వేగం. పని ఇంకా పూర్తిగా నేర్చుకోని కుర్రాడు, అయినా ప్రతి స్నాప్‌లో ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు. అలాంటివాణ్ణి 88లో తీసుకుంటే పోయేదేమీ లేదు. 6లో తీసుకోవాలా అంటే నేను కూడా తటపటాయిస్తాను.

సరే, వాట్ దగ్గరికి వద్దాం. ఈ పాఠానికి అసలు ఉదాహరణ అతనే.

2010లో టెక్సన్స్ 427 పాయింట్లు ఇచ్చింది. 6 గెలిచి 10 ఓడింది. 2011లో ఇచ్చింది 278. ప్లేఆఫ్స్‌కి వెళ్లడం ఆ జట్టు చరిత్రలో అదే మొదటిసారి. ఆ ఏడాది వాట్ సాక్‌లు ఐదున్నరే! కాలేజీ చివరి ఏడాది 7 తీసిన కుర్రాడు ఇక్కడికొచ్చి ఐదున్నర తీస్తే, అంకెలు చూసేవాళ్లకి అది వెనకడుగు. కానీ కాలేజీలో అదే ఏడాది అతను 21 సార్లు లైన్ వెనకే ప్రత్యర్థిని పడగొట్టాడన్నది గుర్తుపెట్టుకోండి. పరుగు ఆటని (బంతి విసరకుండా పట్టుకుని పరిగెత్తే ఆటని) చెడగొట్టగలడు, ఇద్దరు మీద పడ్డా జాగా వదలడు. వాళ్లిద్దరూ అతని మీద ఉన్నప్పుడు ఇంకొకరికి దారి దొరుకుతుంది. 2011లో కానర్ బార్విన్ 11.5 సాక్‌లు తీశాడు. బార్విన్ కష్టం బార్విన్‌దే, కాదనను. కానీ లైన్‌లో వాట్ ఏం చేస్తున్నాడో చూడకుండా ఆ 11.5ని చదవకండి.

మొత్తం మార్పు వాట్ వల్లే అని కూడా అనుకోవద్దు. అదే ఏడాది వేడ్ ఫిలిప్స్ డిఫెన్స్ కోచ్‌గా వచ్చి 4-3ని 3-4గా మార్చాడు. జోనథన్ జోసెఫ్ అనే మంచి కార్నర్‌ని డ్రాఫ్ట్‌తో సంబంధం లేకుండా తెచ్చుకున్నారు. డ్రాఫ్ట్‌లో వచ్చిన ఒక్క కుర్రాడు డిఫెన్స్‌ని నిలబెట్టాడని ఎవరైనా చెబితే, ఆ ఏడాది ఇంకా ఎవరు వచ్చారో వెతకండి.

2012 జనవరి 7న సిన్సినాటి బెంగాల్స్‌తో ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఒక స్నాప్ ఉంది. వీడియో దొరుకుతుంది, తప్పకుండా చూడండి. మొదటి సగం అయిపోవడానికి నిమిషం కూడా లేదు. స్కోరు 10-10. ఆండీ డాల్టన్ బంతి అందుకుని వెనక్కి అడుగేశాడు. వాట్‌కి ఎదురుగా మనిషి ఉన్నాడు, దారి లేదు. సాక్ కోసమే ఆడేవాడైతే ఇంకా తోసుకుంటూ ఉండేవాడు. వాట్ చూపు డాల్టన్ చేతి మీద ఉంది. చెయ్యి లేవగానే ఉన్నచోటే ఎగిరాడు. కొద్ది గజాల దూరం నుంచి వచ్చిన పాస్‌ని తట్టి పడెయ్యడమే గొప్ప. అతను రెండు చేతులతో పట్టేసుకుని 29 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. టెక్సన్స్ 31-10తో గెలిచింది. సాక్‌ల కాలమ్‌లో ఆ స్నాప్‌కి సున్నా.

ఇప్పుడు పద్ధతి. మొదట మీ జట్టు డిఫెన్స్ ఎక్కడ కారుతోందో ఒక్క వాక్యంలో రాయండి. "డిఫెన్స్ బాలేదు" అని రాస్తే చెల్లదు. "మొదటి డౌన్‌లో పరుగుకి ఐదేసి యార్డులు ఇచ్చేస్తున్నాం, ఎక్కువగా కుడి అంచు నుంచి" అని రాస్తే అది పని. ఆ పని చెయ్యగలిగినవాడు ఎలా ఉండాలో రాయండి. కుర్రాళ్ల పేర్లు ఆ తర్వాతే. ముందు పేరు నచ్చి, దానికి తగ్గ అవసరాన్ని వెనకాల వెతుక్కోవడం చాలామంది చేసే పని.

తర్వాత వీడియో. హైలైట్స్ నేను అసలు చూడను, మిమ్మల్నీ వద్దంటాను. అందులో అందరూ వాట్‌లాగే కనిపిస్తారు. ఒక పూర్తి మ్యాచ్ తీసుకోండి. అది కూడా అతను గట్టి ట్యాకిల్‌ని ఎదుర్కొన్న మ్యాచ్. నాకు మూడో క్వార్టర్ ఇష్టం, అప్పటికి ఒళ్లు అలిసి ఉంటుంది, అసలు మనిషి బయటపడతాడు. సౌండ్ తీసేయండి. బంతిని చూడకండి. ఇది మొదట్లో చాలా కష్టం, కళ్లు వాటంతట అవే బంతి వెనక పోతాయి. నేను మొదట్లో టీవీ మీద క్వార్టర్‌బ్యాక్ నిలబడేచోట చిన్న కాగితం ముక్క అంటించేవాణ్ణి. ప్రతి స్నాప్‌కీ కాగితం మీద ఒక అక్షరం రాయండి: ఎదుటివాణ్ణి దాటితే 'గె', దాటలేదు కానీ జాగా వదలకపోతే 'ని', వెనక్కి నెట్టించుకుంటే 'పో'. గెలిచాడు, నిలిచాడు, పోయాడు. నాకు తెలిసి ఇంతకంటే పనికొచ్చే కొలత లేదు. సాక్ పడినప్పుడు కూడా ఆ అక్షరమే రాయాలి. నాలుగు సెకన్ల తర్వాత వచ్చిన సాక్‌కి ముందు 'పో' ఉంటే 'పో' అనే రాయండి, చెయ్యి రాకపోయినా రాయండి.

కంబైన్ అంకెలు చివర. 40 యార్డుల పరుగులో ఎండ్‌కి పనికొచ్చేది మొదటి 10 యార్డుల టైమ్. మిగతా 30 యార్డులు అతని పనిలో ఎప్పుడోగానీ రావు. మలుపు తిరగడం ఎలా ఉందో మూడు కోన్‌ల పరీక్ష చెబుతుంది. వీడియోలో ఒకటి కనిపించి కంబైన్‌లో ఇంకొకటి కనిపిస్తే, మళ్లీ వీడియో చూడండి.

ధర గురించి ఒక్క మాట. 2023లో టెక్సన్స్ విల్ ఆండర్సన్ కోసం 12వ స్థానం నుంచి 3కి ఎగబాకింది. దానికోసం ఆ 12తో పాటు 33వ స్థానం, మరుసటి ఏడాది మొదటి రౌండ్, మూడో రౌండ్ అరిజోనాకి ఇచ్చి, 3తో పాటు 105వ స్థానం తీసుకుంది. ఒక్క మనిషి కోసం అంత ఇవ్వడం నాకు నచ్చదు, ఆ రోజు రాత్రి ఇంట్లో గట్టిగానే అన్నాను. కానీ వాళ్ల అవసరం స్పష్టంగా ఉంది. 2022లో పరుగు ఆటని ఆపడంలో టెక్సన్స్ లీగ్‌లో చిట్టచివరి జట్టు, మ్యాచ్‌కి 170 యార్డులు ఇచ్చింది. 2023లో అది 97కి దిగింది. కొత్త కోచ్ డెమెకో రయన్స్ పాత్ర కూడా అందులో పెద్దది. ఆండర్సన్ మొదటి ఏడాది సాక్‌లు 7. అయినా ఆ ఏటి ఉత్తమ కొత్త డిఫెన్స్ ఆటగాడు అతనే అయ్యాడు.

అభ్యాసం. ఈసారి తేలికగా ఉండదు. వచ్చే డ్రాఫ్ట్‌కి వస్తాడనుకుంటున్న కాలేజీ ఎండ్ ఒకణ్ణి ఎంచుకోండి. అతని సాక్‌ల లెక్క చూడొద్దు, ఎవరైనా చెప్పబోతే ఆపండి. రెండు పూర్తి మ్యాచ్‌లు చూసి ప్రతి పాస్ స్నాప్‌కీ గె, ని, పో రాయండి. పరుగు స్నాప్‌లకి వేరే కాగితం. మరుసటి రోజు అవే రెండు మ్యాచ్‌లు, పాత కాగితం చూడకుండా, మళ్లీ మొదటినుంచి రాయండి. రెండు రోజుల అక్షరాలు ఎక్కడెక్కడ తేడా వచ్చాయో గుర్తుపెట్టి ఆ స్నాప్‌లు మూడోసారి చూడండి. నాకు పంపాల్సింది ఆ తేడా వచ్చిన స్నాప్‌లు, ఒక్కోదానికి రెండు వాక్యాల కారణం. సోమవారం తెల్లవారుజామున లేచి మ్యాచ్‌లు చూసే హైదరాబాద్ వాళ్లకి ఇంకో వారం గడువు ఇస్తున్నాను.

కార్నర్‌బ్యాక్‌ల పాఠానికి ముందు డెరెక్ స్టింగ్లీ గురించి చదివి ఉంచండి. ఎల్‌ఎస్‌యూలో 2019లో 6 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పాస్‌ని పట్టేసుకోవడం), తర్వాత రెండేళ్లలో ఒక్కటీ లేదు. అయినా 2022లో టెక్సన్స్ అతన్ని 3వ స్థానంలో తీసుకుంది. ఎందుకు తీసుకుందో మీ కారణం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. టీవీ కెమెరా కార్నర్‌ని సగం స్నాప్‌లలో చూపించదు కాబట్టి, అక్కడ గె, ని, పో పద్ధతి ఇలాగే పనిచెయ్యదు.