భుజం టెండన్లు బాగా తెగిపోతే ఏ ఆపరేషన్? డాక్టర్ని ఇలా అడగండి

తల దువ్వుకుందామంటే చెయ్యి లేవదు, రెండో చేత్తో పైకెత్తి వదిలితే నిలవకుండా జారిపోతుంది, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేరు. ఎంఆర్ఐ తీస్తే రొటేటర్ కఫ్ మాసివ్ టేర్ అని వస్తుంది. అంటే భుజం కీలుని పట్టి ఉంచే నాలుగు టెండన్లలో (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లలాంటివి) రెండో అంతకంటే ఎక్కువో పూర్తిగా తెగాయని, లేదా చిరుగు 5 సెంటీమీటర్లు దాటిందని. అందరూ ఈ కొలత చూసే టెన్షన్ పడతారు గానీ, ఆపరేషన్ ఏదో తేల్చడంలో అంతకంటే ముఖ్యం, టెండన్ వెనకున్న కండరం ఎలా ఉందన్నది.

కాబట్టి డాక్టర్ గారిని ఆ కండరం స్క్రీన్ మీద చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. బాగున్న కండరం ముదురు రంగులో నిండుగా కనిపిస్తుంది, పాడైనదాంట్లో తెల్లటి చారలుంటాయి, అదంతా కొవ్వు. దీనికి గుటాలియర్ గ్రేడ్ అని 0 నుంచి 4 దాకా అంకె వేస్తారు. 3 అంటే కండరమెంతో కొవ్వూ అంత, 4 అంటే కొవ్వే ఎక్కువ. ఆ అంకె రాసుకోండి.

గ్రేడ్ తక్కువై, టెండన్ లాగితే ఎముక దాకా అందేలా ఉంటే కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల గుండా, ఎముకలో యాంకర్లు (దారాన్ని పట్టి ఉంచే చిన్న మేకుల్లాంటివి) వేసి కుట్టేస్తారు. ముఖ్యంగా దెబ్బ తగిలి తెగినప్పుడు, దయచేసి నెలల తరబడి ఆగకండి, ఈలోపు టెండన్ వెనక్కి ముడుచుకుపోతుంది, కండరంలో చేరిన కొవ్వు కుట్టాక కూడా పెద్దగా తగ్గదు.

కుట్టడానికి వీల్లేదు, వయసు తక్కువ, కీలు అరగలేదు అంటే వీపు కండరం టెండన్‌ని తెచ్చి భుజానికి కలపడం, లేదా తొడ నుంచి తీసిన పొరతో కీలు పైభాగాన్ని కప్పడం లాంటివి చేస్తారు. చెయ్యి బాగానే లేస్తూ నొప్పి మాత్రమే బాధిస్తుంటే లోపల శుభ్రం చేసి, దెబ్బతిన్న బైసెప్స్ (జబ్బ ముందు కండరం) టెండన్‌ని విడదీస్తే చాలామందికి ఉపశమనం ఉంటుంది, బలం మాత్రం తిరిగి రాదు.

వయసు మళ్లి, కీలు కూడా అరిగి, చెయ్యి అసలు లేవనివాళ్లకి రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్. 1980ల్లో ఫ్రాన్స్‌లో సర్జన్ పాల్ గ్రామోన్ రూపొందించిన పద్ధతి ఇది: బంతి ఉండాల్సిన చోట గిన్నె, గిన్నె ఉండాల్సిన చోట బంతి పెడతారు. దాంతో తెగిన టెండన్ల పని భుజం మీది డెల్టాయిడ్ కండరం అందుకుంటుంది. కాబట్టి ఆ కండరం, దాని నరం పనిచేస్తున్నాయా అని ముందే అడగండి, అవి లేకపోతే ఈ ఆపరేషన్ వల్ల చెయ్యి లేవదు.

కుట్టించుకుంటే 4 నుంచి 6 వారాలు స్లింగ్ ఉంటుంది, బరువుతో వ్యాయామాలు దాదాపు 3 నెలల తర్వాతే, పూర్తిగా కుదుటపడేసరికి 6 నెలల నుంచి ఏడాది. నొప్పి తగ్గిందని రెండో నెలలోనే బరువులెత్తితే కుట్టు ఊడిపోవచ్చు. సిగరెట్ తాగేవాళ్లకి, షుగర్ అదుపులో లేనివాళ్లకి అతుక్కోవడం కష్టం, కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే ఆ రెండిటి సంగతి చూడండి.