ఉప్పు రోడ్ల మీదకు పాత కారు: బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

అక్టోబరు రెండో వారం దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మెకానిక్ పన్నెండొందల డాలర్లు అంటున్నాడు. కారు కొన్నదే రెండు వేలకి. చేయించమంటావా, అమ్మేయమంటావా?" అడిగేది ఎక్కువగా మాస్టర్స్ రెండో ఏడాది పిల్లలు. సీనియర్ ఎవరో ఊరు మారుతూ అంటగట్టిన కరోలానో సివిక్కో, రెండు లక్షల మైళ్లు తిరిగినది, ఎండాకాలమంతా కిక్కురుమనకుండా నడిచి ఉంటుంది. చలి మొదలయ్యాకే దాని వయసు బయటపడుతుంది.

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ శివార్లలో పద్నాలుగు చలికాలాలు గడిపాను. మెకానిక్‌ని కాను. మూడు పాత కార్లను సాకి, ఒకదాన్ని పోగొట్టుకుని నేర్చుకున్న సంగతులివి. "బాగుచేతకయ్యే ఖర్చు కారు విలువలో సగం దాటితే వదిలేయ్" అని చాలామంది ఒక లెక్క చెబుతారు. రెండు వేల కారుకి ఆ లెక్క ఎక్కడ సరిపోతుంది? దాని ప్రకారం చూస్తే వెయ్యి దాటిన ఏ బాగుచేతైనా దండగే. నేనైతే ముందు ఒకటే అడుగుతాను: చెడింది అరిగిపోవడం వల్లనా, తుప్పు వల్లనా? బ్యాటరీ, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, రేడియేటర్ అరిగే సామాను. పాతవి విప్పి కొత్తవి బిగిస్తే సరి. అదే బండి ఎముకలు, అంటే దాన్ని మోసే ఇనుప చట్రం, తుప్పు తింటే కొత్తది బిగించడానికి కూడా చోటు మిగలదు.

కాబట్టి బానెట్ ఎత్తకముందే కింద చూడండి. ఇక్కడ నవంబరు నుంచి దాదాపు ఏప్రిల్ దాకా మంచు కరగాలని రోడ్లకు ఉప్పు చల్లుతూనే ఉంటారు. (డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉంది. మనం నడిపే వీధి కింద తవ్వి మన కార్లకే పూస్తారన్నమాట.) ఉప్పు నీళ్లు చక్రాల వెనక మడతల్లో, తలుపుల కింద ఉండే బోలు గొట్టాల్లాంటి రాకర్ ప్యానెళ్లలో నిలవ ఉండిపోతాయి. పైన పెయింటు నిగనిగలాడుతున్నా లోపల్లోపల తింటూ పోతాయి. టెక్సాస్ నుంచో కాలిఫోర్నియా నుంచో వచ్చిన పదిహేనేళ్ల కారు కింద శుభ్రంగా ఉండటం, ఇక్కడే పుట్టి పెరిగిన ఎనిమిదేళ్ల కారు కింద చిలుము పట్టి ఉండటం, రెండూ కళ్లారా చూశాను.

ఒక పాత స్క్రూడ్రైవర్ తీసుకుని దాని పిడితో కారు అంచు పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము టంగుమంటుంది. కుళ్లిన చోట మెత్తగా మోగి, కాలిన అప్పడంలా పొరలు రాలతాయి. జాకీ పెట్టే చోటు ముఖ్యంగా చూడండి. అక్కడ వేలితో నొక్కితే లోపలికి పోతోందంటే లిఫ్ట్ మీదకు ఎత్తడానికే మెకానిక్ ఒప్పుకోడు. ఇంజిన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్, సస్పెన్షన్ బిగించే చోట్లు, బానెట్ కింద స్ట్రట్ (చక్రం కుదుపులను ఆపే కడ్డీ) పైభాగం: ఈ మూడింట్లో ఎక్కడ చిల్లు పడ్డా నేను ఇంకేం లెక్క వేయను, వదిలేయమంటాను. చూడాలన్న తొందరలో ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందకు మాత్రం దూరకండి. ఆయిల్ మార్పించే రోజున, కారు లిఫ్ట్ మీద ఉన్నప్పుడు "ఒకసారి కింద చూపిస్తారా" అని అడగండి. చాలామంది చూపిస్తారు, ఫోన్‌తో ఫొటోలు కూడా తీసుకోనిస్తారు.

కళ్లకు కనపడకుండా ప్రాణం మీదకు తెచ్చే తుప్పు ఇంకోటుంది. బ్రేక్ లైన్లు. ముందు నుంచి వెనక చక్రాల దాకా కారు కింద సాగే సన్నని ఉక్కు గొట్టాలవి. క్లిప్పులు పట్టుకున్న చోట ఉప్పు చేరి తినేస్తుంది. నా రెండో కారుకి పెడల్ వారం ముందు నుంచే కొంచెం మెత్తగా తగులుతోంది. నేనేం చేశాను? బ్రేక్ ఫ్లూయిడ్ తగ్గిందని రెండుసార్లు పోసి ఊరుకున్నాను. డిసెంబరులో ఒక పొద్దున కాలనీ చివర స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ నొక్కితే పెడల్ సగం దూరం ఉత్తినే దిగిపోయింది. బ్రేకులకుండే రెండు సర్క్యూట్లలో ఒకటి మిగిలింది కాబట్టి బ్రేక్ పూర్తిగా పోలేదు గానీ, స్టాప్ సైన్ దాటి ఎవరింటి మెయిల్‌బాక్స్ పక్కనో మంచు కుప్పలో దిగబడింది. ఎదురుగా స్కూల్ బస్సు రాకపోవడం నా అదృష్టం. ఫ్లూయిడ్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు, లేదా ప్యాడ్లు అరిగినట్టు. ఏదో తేల్చుకోవాలి తప్ప ఊరికే పోసి మూత పెట్టకూడదు.

ఇప్పుడు ఏటా అక్టోబరులో ఖాళీ పార్కింగ్ స్థలంలో ఇంజిన్ ఆన్ చేసి, కారు కదలకుండా పార్క్‌లోనే పెట్టి, బ్రేక్‌ని గట్టిగా తొక్కి అరనిమిషం అలాగే ఉంచుతాను. పెడల్ మెల్లగా కిందకు జారుతోందా, చూస్తాను. పగిలేదుంటే అక్కడే పగలనీ, ఐ-96 హైవే మీద అరవై మైళ్ల వేగంలో కాకుండా. లైన్లు మార్పించాల్సి వస్తే రాగి, నికెల్ కలిసిన గొట్టం వేయమని అడగండి, అది ఉక్కులా తుప్పు పట్టదు. నాకు అప్పట్లో ఆరొందలు అయింది. మిగతా ఎముకలు గట్టిగా ఉన్న కారుకి ఆ ఖర్చు నిస్సందేహంగా పెట్టొచ్చు.

తుప్పు పరీక్ష దాటిందా, ఇక సగం భయం పోయినట్టే. మిగిలిన వాటిలో మొదట చూడాల్సింది బ్యాటరీ. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో మైనస్ 18 సెల్సియస్ దగ్గర, మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ బలం సగానికి పైగా పడిపోతుంది. ఇంజిన్ ఆయిలు చిక్కబడి అదే వేళ ఇంకా ఎక్కువ బలం అడుగుతుంది. 2019 జనవరి చివర్లో పోలార్ వోర్టెక్స్ (ధ్రువ ప్రాంతపు చలిగాలి) వచ్చినప్పుడు షికాగో ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారెన్‌హీట్ నమోదైంది. అలాంటి పొద్దున మూడేళ్లు దాటిన బ్యాటరీని నమ్ముకోవడమంటే పాడుబడ్డ బావి మీద ఆశ పెట్టుకోవడమే. రాత్రంతా ఆపి ఉంచిన కారుకి పొద్దున్నే మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 చూపిస్తే సగం ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా పద్నాలుగుకి అటూ ఇటూగా రాకపోతే లోపం ఆల్టర్నేటర్‌దేమో చూడాలి. లేదంటే కొత్త బ్యాటరీ వేసినా రెండు వారాల్లో మళ్లీ అదే కథ. మల్టీమీటర్ లేదా? ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల దుకాణాలు రెండింటినీ ఉచితంగా పరీక్షించి చెబుతాయి. మొదటి మంచు పడ్డ మర్నాడు అక్కడ క్యూ ఉంటుంది, అంతకుముందే వెళ్లండి.

హీటర్ సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. "జాకెట్ వేసుకుంటే సరిపోదా అన్నా?" అంటాడొకడు. జాకెట్ ఒంటికి సరే, ముందు అద్దానికి ఎవరు తొడుగుతారు? హీటర్ లేకపోతే డీఫ్రాస్ట్, అంటే అద్దం మీది మంచు కరిగించే వేడి గాలి, ఉండదు. నోటి ఆవిరికే అద్దం లోపలి వైపు మంచు కడుతుంది, ముందు రోడ్డు కనపడదు. ఇరవై నిమిషాలు నడిపినా వేడి గాలి రాలేదంటే ముందు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) చూడండి, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. తక్కువుంటే ఎక్కడ పోతోందో పట్టాలి. నిండుగా ఉంటే థర్మోస్టాట్ (కూలెంట్ దారిని తెరిచి మూసే కవాటం) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు, అది చవక పనే. హీటర్ కోర్ (డాష్‌బోర్డు వెనక గాలిని వేడి చేసే చిన్న రేడియేటర్) మూసుకుపోయిందంటే మాత్రం కొన్ని కార్లకు డాష్‌బోర్డంతా విప్పాలి, కూలి వాచిపోతుంది. ఇంకోటి: వెచ్చని ఊళ్ల నుంచి వచ్చిన కార్లలో కూలెంట్ బదులు నీళ్లు పోసి ఉండొచ్చు. నీళ్లు గడ్డ కట్టి ఉబ్బితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది. యాంటీఫ్రీజ్, నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 34 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదు. కూలెంట్‌ని గొట్టంలోకి లాగి పరీక్షించే చిన్న టెస్టర్ పది డాలర్ల లోపే దొరుకుతుంది.

టైర్లకి పావలా పరీక్ష చాలు. ఇక్కడి పావలా, అంటే క్వార్టర్ బిళ్లను తలకిందులుగా టైరు గాడిలో పెడితే వాషింగ్టన్ తల పైభాగం మునగాలి. పూర్తిగా కనపడుతోందంటే మంచుకి ఆ టైరు చాలదు. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి: 3517 అంటే 2017లో 35వ వారం. గాడి ఎంత లోతున్నా పదేళ్ల రబ్బరు రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారెన్‌హీట్ దిగినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి కూడా ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది, ఆగస్టులో పట్టించిన గాలి జనవరికి సరిపోదు. వైపర్లు, వాషర్ నీళ్లు చిన్నవే: మైనస్ 20 ఫారెన్‌హీట్ అని రాసి ఉన్న వాషర్ ఫ్లూయిడ్ కొనండి, ఎండాకాలంది పోస్తే అద్దం మీదే గడ్డ కడుతుంది.

ఇప్పుడు డబ్బు. ఎముకలు గట్టిగా ఉండి, బ్యాటరీ, టైర్లు, ఏదో ఒక రిపేరు కలిపి 900 అయిందనుకోండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆరు నెలలు, అంటే నెలకి 150. ఇంకో పాత కారు కొన్నా దానికీ ఏదో ఒక జబ్బు ఉండకపోదు. మీ కారు జబ్బులు మీకు తెలుసు, ఆ కారు జబ్బులు అమ్మేవాడికే తెలుసు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే ఇరవై డాలర్ల కోడ్ రీడర్ పెట్టి చూస్తే, చెక్ ఇంజిన్ లైటు చెరిపేసి అమ్ముతున్న కారులో "నాట్ రెడీ" అని వరుసగా కనపడుతుంది, అదొక గుర్తు. పైగా మిషిగన్‌లో ఏటేటా సేఫ్టీ తనిఖీ లేదు. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఇన్‌స్పెక్షనే పాడు కారుని రోడ్డెక్కనివ్వదు. ఇక్కడ ఆ తనిఖీ మనమే చేసుకోవాలి. చివరి సెమిస్టర్‌లో ఉండి జనవరికే ఇంకో ఊరు వెళ్లేదుంటే పెద్ద రిపేరు పెట్టకండి. ఫిబ్రవరిలో టాక్స్ రీఫండ్లు చేతికొచ్చాక పాత కార్లకి గిరాకీ లేస్తుంది కాబట్టి కొనడమో మార్చడమో ఉంటే ఈ అక్టోబరు, నవంబరుల్లోనే చూసుకోండి. డబ్బు పెట్టేముందు కారు విన్ (గుర్తింపు) నంబరు కొట్టి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం, ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు డీలరే ఉచితంగా చేసిపెడతాడు. ఆ తరం కార్లలో చాలావాటికి టకాటా ఎయిర్‌బ్యాగుల రీకాల్ ఉండేది.

బాగు చేయించి నడపాలనుకున్నాక ఒక్కటి మాత్రం మరవద్దు. మంచు పడ్డ రాత్రి తర్వాత స్టార్ట్ చేసేముందు వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వేయండి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కారులోకే వస్తుంది, వాసన కూడా ఉండదు. నేల తుప్పు పట్టి, సైలెన్సర్ కారుతున్న పాత కారులో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. నడుపుతుంటే తలనొప్పి, మగత అనిపిస్తే అద్దాలు దించి, కారు పక్కన ఆపి, దిగేయండి. తలుపు మూసిన గరాజ్‌లో వేడెక్కించడం అసలు వద్దు. ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. ట్రంకులో దుప్పటి, చిన్న పార, బ్యాటరీ దిగిపోతే స్టార్ట్ చేయడానికి జంప్ ప్యాక్, ఇరుక్కుంటే చక్రాల కింద చల్లడానికి కిట్టీ లిటర్ (పెంపుడు పిల్లుల కోసం అమ్మే మట్టి గుళికలు) సంచి ఉంచండి. నేనైతే మరమరాల మిక్చర్ కూడా పెట్టుకుంటాను.

వదిలేయాలనుకుంటే, మిషిగన్‌లో నంబర్ ప్లేటు కారుతో పోదు, మనదే. ముందు అది విప్పుకోండి. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద సంతకం చేసి ఊరుకోకుండా కొన్నవాడితో కలిసి, ఇక్కడ వాహనాల రిజిస్ట్రేషన్ చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి వెళ్లండి, లేదంటే సంతకం చేసిన టైటిల్ ఫొటో తీసి దాచండి. లేకపోతే వాడి పార్కింగ్ టికెట్లు మీ ఇంటికొస్తాయి.

నా రెండో కారు చివరికి తుక్కు యార్డుకే పోయింది. ఫోర్క్‌లిఫ్ట్ పళ్లు కింద దూర్చి ఎత్తగానే రాకర్ ప్యానెల్ మడత విరిగి గోధుమరంగు పొడి జలజలా రాలింది. 310 డాలర్లు చేతిలో పెట్టారు. డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి, నంబర్ ప్లేటుని, ట్రంకులోని పారని అదే సాయంత్రం మూడో కారులోకి మార్చాను.